వలస వ్యాసాలు – 6: ఏడు సముద్రాల అవతల కూడా ఊరూ వాడా



ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో కొత్తగా దిగిన మన పిల్లలు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. "అన్నా, సిటీలో ఉండమంటావా, సబర్బ్‌లో ఉండమంటావా?" అద్దె ఎంత, రైలు ఉందా, కారు కొనాలా, ఇండియన్ స్టోర్ ఎంత దూరం, ఈ లెక్కలు ఎవరైనా చెబుతారు. నేను ఆ లెక్కల వెనకున్న చరిత్ర చెబుతాను. ఎందుకంటే ఇల్లెక్కడ అన్నది మనవాళ్లకి ఏనాడూ ఉత్త అద్దె లెక్క కాదు. మన తాతలు ఊరికి ఏ దిక్కున బతకాలో కూడా వేరేవాళ్లే తేల్చారు.

ఈ దేశంలోనూ ఊరూ వాడా ఉన్నాయి. కోర్టు, బ్యాంకు, ప్రభుత్వం కలిసి గీత గీశాయి.

ముందు కోర్టు సంగతి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. పంజాబ్ నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అప్పట్లో బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకీ, ఆఫ్రికా సంతతివాళ్లకీ మాత్రమే పౌరసత్వం ఇచ్చేవారు. ఈ చట్టమే అన్యాయమని ఆయన వాదించలేదు. తాను పైకులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణేనన్నాడు. పెళ్లి సంబంధాల విషయంలో అమెరికన్ నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, పైకులం హిందువు తన దేశపు ఆదిమవాసిని అలాగే చూస్తాడని కూడా ఆయన తరఫున రాసిచ్చారు. కులాన్ని సర్టిఫికెట్‌లా చూపించారన్నమాట! కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్.

మూడేళ్లకి, 1926లో, అదే సదర్లాండ్ ఇంకో తీర్పు రాశాడు. క్లీవ్‌లాండ్ నగరం పక్కన యూక్లిడ్ అనే సబర్బ్ ఉంది. కేసు కాగితాల్లో దాని పేరు 'విలేజ్ ఆఫ్ యూక్లిడ్'. అంటే ఊరే. ఏ స్థలంలో ఏం కట్టాలో, ఏం కట్టకూడదో తేల్చే అధికారం ఊరికి ఉందని ఆ తీర్పు చెప్పింది. దీన్నే జోనింగ్ అంటారు. సొంత ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంట్‌ని ఆయన పరాన్నజీవితో పోల్చాడు. అపార్ట్‌మెంట్‌లో ఉండేదెవరు? అద్దెకుండేవాడు, కూలివాడు, కొత్తగా వలస వచ్చినవాడు. రంగు పేరెత్తి పేటలు విడగొట్టే నగర చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1917లోనే చెప్పింది. ఇక రంగు పేరెత్తక్కర్లేదు. "ఇక్కడ పెద్ద స్థలంలో ఒక్క ఇల్లే కట్టాలి" అంటే చాలు, పేదవాడు రాలేడు. ఒకే చేతి నుంచి వచ్చిన ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి దేశానికి గేటు, రెండోది ఊరికి గేటు.

తర్వాత బ్యాంకు. 1930ల్లో ప్రభుత్వ రుణ సంస్థ 200కి పైగా నగరాలకి మ్యాపులు గీయించి పచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేయించింది. నల్లజాతివాళ్లుండే పేటలకి ఎరుపు. అంటే అప్పు ఇస్తే మునుగుతుందని. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి రుణాలకి పూచీ పడింది. ఆ పూచీతో లేచినవి ఎక్కువగా తెల్లవాళ్ల సబర్బ్‌లే. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ మొదలైంది. మొత్తం 17 వేలకి పైగా ఇళ్లు. తెల్లజాతి కానివాళ్లు అక్కడ ఉండకూడదని ఒప్పంద కాగితంలోనే రాశారు. ఒక్క మినహాయింపు ఇచ్చారు: ఇంట్లో పనిచేసేవాళ్లు ఉండొచ్చు.

ఆ మినహాయింపు చదవగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. పాలేరు దొడ్డి దాకా రావచ్చు. గడప దాటకూడదు.

ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మారింది, మనుషులు మారలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో బిల్, డెయిజీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు ఇల్లు కొన్నారు. రోజుల తరబడి మూక పోగైంది, రాళ్లు పడ్డాయి. దీన్ని మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనవాళ్ల కథ. ఇండియా నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద సంఖ్యలో రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. ఆ చట్టానికి దారి వేసింది నల్లజాతి పౌరహక్కుల పోరాటం. ఇళ్ల విషయంలో జాతి వివక్షని నిషేధించిన చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి వచ్చింది. ఇవాళ ఎడిసన్‌లో ఇల్లు కొనే ప్రతి తెలుగు కుటుంబం ఆ నెత్తురుకి బాకీ ఉంది. ఎంతమందికి ఆ ఎరుక ఉంది?

సబర్బ్‌కి పోయినవాళ్లందరిదీ గొప్పల కోరిక అనను. 1987లో జెర్సీ సిటీలో 'డాట్‌బస్టర్స్' పేరుతో ఒక ముఠా బొట్టు పెట్టుకునేవాళ్లని తరిమేస్తామని బెదిరించింది. అదే ఏడాది పక్కనే హోబోకెన్‌లో నవరోజ్ మోదీ అనే యువకుణ్ణి కొట్టి చంపారు. భయం నిజం. పిల్లల బడి బెంగా నిజమే. ఇక్కడ బడికి డబ్బులో పెద్ద వాటా ఆ ఊరి ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఇళ్ల ధర ఎక్కువున్న ఊళ్లో బడి కూడా బలంగా ఉంటుంది. గీత గీసినవాళ్లు పోయినా గీత పనిచేస్తూనే ఉండేది ఇలాగే.

దీని మీద కొట్లాడినవాళ్లూ ఉన్నారు. న్యూజెర్సీలోని మౌంట్ లారెల్‌లో ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి మహిళ, ఆమె తోటివాళ్లు 36 అపార్ట్‌మెంట్లు కట్టుకోనివ్వమంటే ఊరు కాదంది. వాళ్లు కోర్టుకెక్కారు. పేదవాళ్ల ఇళ్లకీ చోటివ్వడం ఊరి బాధ్యతేనని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మరి మనం? నేను న్యూజెర్సీలో గది వెతుక్కునేటప్పుడు ఒక సబర్బ్‌లో తెలుగు ఇంటాయన జీతం సంగతి చివర్లో అడిగాడు. ముందు ఇంటిపేరు. తర్వాత ఊరు. తర్వాత, "ఊళ్లో మీది ఏ బజారు బాబూ?" నేను చెప్పాను. గది అప్పటికే వేరేవాళ్లకి మాటిచ్చేశామన్నాడు. తెల్లవాడి గేటు దాటి లోపలికొచ్చినవాడు, లోపల తన గేటు కట్టుకున్నాడు. తర్వాత జెర్సీ సిటీలో నాకు గదిచ్చిన నల్లజాతి పెద్దావిడ పే స్లిప్ అడిగింది, అడ్వాన్స్ తీసుకుంది. అంతే. నగరం స్వర్గమని చెప్పను, అక్కడా రంగు ఉంది. కానీ నగరంలో మన బజారు ఏదో అడిగేవాడు తక్కువ.

బాబాసాహెబ్ ఈ తేడా అనుభవించినవాడు. 1913లో న్యూయార్క్ వచ్చి చదువుకున్నాడు. తిరిగెళ్లి 1917లో బరోడాలో పార్సీ సత్రంలో పేరు దాచుకుని దిగితే, కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని పొగిడేవాళ్లందరి ముందూ ఊరి అసలు రూపం చెప్పింది ఆ మనిషే.

చట్టం కూడా ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించింది. ఉద్యోగం, ఇల్లు అన్నీ అందులోకి వస్తాయి. కానీ అది నగరం హద్దు దాకే. సరస్సు దాటి మన సాఫ్ట్‌వేర్ వాళ్లుండే బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లకి ఆ నగర చట్టం వర్తించదు. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఉభయ సభలూ దాటిన కులవివక్ష బిల్లుని గవర్నర్ వెనక్కి పంపేశాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా మాట ఇది. వచ్చిన కొత్తలో, ఒంటరిగా ఉన్నప్పుడు, రైలున్న నగరంలో ఉండండి. రూమ్మేట్ల కోసం ఇంటిపేరు దాచుకునే పరిస్థితి తెచ్చుకోకండి. రేపు పిల్లల బడి కోసం సబర్బ్‌కి వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఆ బడి మన పిల్లలదీ. గోడ మీద అంబేడ్కర్ పటంతో వెళ్లండి. అక్కడ టౌన్ ప్లానింగ్ బోర్డు మీటింగులకి ఎవరైనా పోవచ్చు. ఏదో ఒకరోజు మీ వీధి చివర అపార్ట్‌మెంట్లు కడతామని ఎవరో వస్తారు. "వాళ్లొస్తే మన ఇళ్ల ధర పడిపోతుంది" అని మీ పక్కింటి తెలుగాయన సంతకాల కాగితం తెస్తాడు. ఆ కాగితం మీద మీ సంతకం ఉండకూడదు. మీటింగుకి వెళ్లి, లేచి, రావాల్సినవాళ్ల తరఫున మాట్లాడండి. వాడ నుంచి వచ్చినవాళ్లం మనం. ఊరు ఏం చేస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

వచ్చే ఆదివారం: గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మనవాళ్లు.

జై భీమ్.