నెట్‌బుక్

నెట్‌బుక్ అనేది చిన్న పరిమాణం, తక్కువ బరువు, తక్కువ ధర గల ఒక రకమైన ల్యాప్‌టాప్ కంప్యూటరు. ఇంటర్నెట్ చూడడం, ఈమెయిళ్ళు పంపడం, వ్యాసాలు రాసుకోవడం వంటి నిత్యావసరాల కోసం వీటిని రూపొందించారు. 2007 చివరి నుండి సుమారు ఐదేళ్ళ పాటు ఇవి అనేక దేశాలలో విరివిగా అమ్ముడయ్యాయి. ధర తగ్గించడానికి తయారీదారులు వేటిని వదులుకున్నారో, ఆ లోటు కొన్నవారికి ఎక్కడ ఎదురైందో నెట్‌బుక్ చరిత్ర తెలుపుతుంది. అందువలన తక్కువ ధరలో ల్యాప్‌టాప్ ఎంచుకొనేవారికి ఇది నేటికీ ఉపయోగకరం.

పేరు

ఈ పేరును బ్రిటన్‌కు చెందిన సైయాన్ సంస్థ 1999లో తన చిన్న కంప్యూటరుకు పెట్టింది. 2008లో ఇంటెల్ సంస్థ చిన్న ల్యాప్‌టాప్‌లన్నింటికీ ఇదే మాట వాడడంతో రెండు సంస్థల మధ్య వివాదం తలెత్తింది. 2009లో అది రాజీతో ముగిసింది.

చరిత్ర

పేద దేశాల పిల్లల కోసం 100 డాలర్ల ల్యాప్‌టాప్ తయారు చేయాలనే ఆలోచనను 2005లో నికొలస్ నెగ్రొపాంటే ప్రకటించాడు. దీని ఫలితంగా వచ్చిన ఎక్స్‌ఓ-1 ఉత్పత్తి 2007 నవంబరులో మొదలైంది. అయితే దాని ధర 200 డాలర్లకు చేరువైంది. భారత ప్రభుత్వ మానవ వనరుల అభివృద్ధి శాఖ 2006లోనే ఈ పథకాన్ని తిరస్కరించింది.

తైవాన్‌కు చెందిన ఆసుస్ సంస్థ 2007 జూన్‌లో తైపీ నగరంలోని కంప్యూటెక్స్ ప్రదర్శనలో "ఈ-పీసీ 701"ను ప్రకటించి, అదే సంవత్సరం అక్టోబరులో విడుదల చేసింది. 7 అంగుళాల తెర, 512 మెగాబైట్ల మెమరీ, 4 గిగాబైట్ల ఫ్లాష్ నిల్వ, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కలిగిన దీని బరువు కిలోగ్రాము లోపే. మొదట 199 డాలర్ల ధర ప్రకటించినప్పటికీ, అమెరికాలో ఈ నమూనా 399 డాలర్లకు అమ్ముడైంది. 2008లో ఇంటెల్ ఆటమ్ ప్రాసెసరు రావడంతో ఏసర్, హెచ్‌పీ, డెల్, లెనోవో తదితర సంస్థలు కూడా ఈ రంగంలో ప్రవేశించాయి.

నిర్మాణం

నెట్‌బుక్‌లలో అనేకం ఆటమ్ ఎన్270 ప్రాసెసరుతో వచ్చాయి. దీని వేగం 1.6 గిగాహెర్ట్జ్, గరిష్ఠ విద్యుత్ వినియోగం 2.5 వాట్లు. ఆనాటి సాధారణ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 35 వాట్ల వరకు అవసరమయ్యేది. అయితే దీనికి జతచేసిన పాత తరహా చిప్‌సెట్ ప్రాసెసరు కంటే ఎక్కువ విద్యుత్తు తీసుకొనేది. మెమరీని 2 గిగాబైట్లకు మించి పెంచడానికి వీలుండేది కాదు. సీడీ డ్రైవు ఉండేది కాదు. 1024×600 చుక్కల తెరపై చాలా పేజీలను పైకీ కిందకీ జరుపుతూ చదవవలసి వచ్చేది.

తెలుగు వాడకం

అనేక నెట్‌బుక్‌లు విండోస్ ఎక్స్‌పీతో అమ్ముడయ్యాయి. ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడాలంటే సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని ప్రత్యేకంగా స్థాపించుకోవాలి. లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనబడతాయి. అవసరమైన ఫైళ్ళు డిస్కులో ముందే లేకపోతే ఎక్స్‌పీ సీడీ కావాలి. సీడీ డ్రైవు లేని నెట్‌బుక్‌లో ఇందుకు బయటి డ్రైవును తగిలించడమో, ఫైళ్ళను పెన్‌డ్రైవులో తెచ్చుకోవడమో చేయవలసి వచ్చేది. అక్షరాల కింద ఒత్తులకు చోటు కావాలి గనుక, పొట్టి తెరపై తెలుగు పంక్తులు తక్కువగా పట్టేవి.

క్షీణత

2010లో ఐప్యాడ్, 2011లో క్రోమ్‌బుక్ వచ్చాయి. సాధారణ ల్యాప్‌టాప్‌ల ధరలు కూడా తగ్గాయి. భారతదేశంలో 2011 అక్టోబరులో విద్యార్థుల కోసం ఆకాశ్ అనే చవక టాబ్లెట్‌ను ఆవిష్కరించారు. దాని తొలి విడత పరికరాల కూర్పు హైదరాబాదులో జరిగింది. 2013 నాటికి ప్రధాన సంస్థలు నెట్‌బుక్‌ల తయారీని విరమించాయి. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది. ఎన్270 ప్రాసెసరు 32 బిట్ రకానిది కావడంతో ఆ తరువాత అనేక లినక్స్ పంపిణీలు కూడా వీటికి దూరమయ్యాయి. 2025లో వెలువడిన డెబియన్ 13వ కూర్పులో 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలరు లేదు. యంత్రం పాడవకపోయినా సాఫ్ట్‌వేర్ దొరకక మూలన పడడం నెట్‌బుక్‌లలో చాలావాటికి పట్టిన గతి.

చవక ల్యాప్‌టాప్ ఎంపికలో గమనించదగిన అంశాలు

* మెమరీ: విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వ అవసరం. ఈ కనీస పరిమాణాలతో వచ్చే ల్యాప్‌టాప్‌లో కొత్త కూర్పులకు చోటు చాలదు. 8 గిగాబైట్ల మెమరీ, 256 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ నిత్య వాడకానికి అనువు.
* పెంచుకొనే వీలు: అనేక చవక నమూనాలలో మెమరీని మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు. దానిని తరువాత పెంచలేరు.
* బ్యాటరీ: ప్రకటనలోని గంటల కంటే వాట్-అవర్ల సంఖ్య నమ్మదగినది. 45 వాట్-అవర్ల బ్యాటరీ, సగటున 9 వాట్లు వాడే యంత్రాన్ని 5 గంటలు నడుపుతుంది.
* బరువు: రోజూ మోసే ల్యాప్‌టాప్ బరువులో చార్జరు బరువును కూడా కలుపుకోవాలి.
* సాఫ్ట్‌వేర్ గడువు: విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు, దాని ప్రాసెసరు విండోస్ 11కు అర్హమైనదో కాదో చూడాలి. ఇంటెల్ కోర్ శ్రేణిలో సాధారణంగా 8వ తరం నుండి మాత్రమే ఈ అర్హత ఉంది. క్రోమ్‌బుక్‌లలో ప్రతి నమూనాకూ నవీకరణలు ఆగిపోయే తేదీ ముందుగానే నిర్ణయమై ఉంటుంది.

ఒకే ధరకు లభించే రెండు ల్యాప్‌టాప్‌లలో వేగం కొంత తక్కువైనా, మెమరీ పెంచుకొనే వీలు, ఎక్కువ కాలం సాఫ్ట్‌వేర్ మద్దతు ఉన్నదే చివరకు చవక అవుతుంది.