జూదశాల బిళ్ల – ఒక గుమాస్తా పరిశీలన

శీర్షిక చూసి సోదర పెన్షనర్లు ముఖం చిట్లించవద్దు. పేకాట నాకు రాదు, నేర్చుకోవాలనే సరదా కూడా లేదు. అయితే ముప్పై ఏళ్లు ట్రెజరీలో రొక్కం లెక్కలు చూసినవాణ్ణి గనుక, మా అబ్బాయి లాస్‌వేగాస్ నుంచి తెచ్చిన అయిదు డాలర్ల కాసినో బిళ్ల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

18వ శతాబ్దంలో ఇంగ్లండులోని సంపన్న కుటుంబాలవారు చైనాలోని కాంటన్ పనివాళ్లచేత ముత్యపుచిప్ప బిళ్లలు చేయించి, వాటిపై తమ వంశచిహ్నాలు చెక్కించుకునేవారు. తరువాతి శతాబ్దంలో అమెరికా జూదశాలలు ఎముక, దంతపు బిళ్లలు వాడాయి. అక్కడే చిక్కు. సాదా బిళ్లను ఎవడైనా బయట చెక్కించుకొచ్చి డబ్బు అడిగితే?

19వ శతాబ్దం చివరికల్లా మట్టి మిశ్రమాన్ని అచ్చులో నొక్కి చేసే పద్ధతి వచ్చింది. మట్టి అన్నారు కదా అని కుమ్మరి ఆవం ఊహించుకోవద్దు. మట్టికి ఇతర పదార్థాలు కలిపి వేడితో, ఒత్తిడితో బిగిస్తారు. అంచున కనిపించే రంగు పట్టీలు పూత కాదు. అంచును కొంత కోసి, వేరే రంగు ముక్క అమర్చి, మళ్లీ నొక్కుతారు. అరిగినా రంగు పోదు. దొంతిగా పేర్చినప్పుడు వేరే బిళ్ల ఒక్కటి కలిసినా పక్కనుంచే పట్టేయవచ్చు.

నెవడా రాష్ట్ర నిబంధన ప్రకారం సాధారణ బిళ్ల వ్యాసం 1.55 అంగుళాలు, మందం 0.130 అంగుళం. ఇరవై పేరిస్తే సరిగ్గా 2.6 అంగుళాలు. అక్కడి ఉద్యోగి ఒక దొంతి లెక్కించి, మిగతావి దాని పక్కన పెట్టి ఎత్తు చూస్తాడు. మా ఖజానాలో రూపాయి బిళ్లలకు మేం చేసిందీ అదే!

బరువు ఎక్కువుంటే నాణ్యమనుకుంటారు చాలామంది. ఇళ్లలో ఆడుకునే 11.5 గ్రాముల ప్లాస్టిక్ బిళ్లలో బరువు కోసం లోహపు రేకు పెడతారు. అవి జారతాయి, టింగుమంటాయి. అసలు మట్టి బిళ్ల సుమారు పది గ్రాములకు లోపే. గరుకుగా చేతికి పట్టు ఇస్తుంది, దొంతి కదలదు, చప్పుడు మెత్తగా ఉంటుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా బిళ్ల డబ్బు కాదు, చెల్లిస్తామన్న మాట మాత్రమే. 2010 డిసెంబరులో ఒకడు తుపాకితో బెలాజియో కాసినోలో జొరబడి సుమారు 15 లక్షల డాలర్ల విలువైన బిళ్లలు ఎత్తుకుపోయాడు. యాజమాన్యం తన 25,000 డాలర్ల బిళ్లలను 2011 ఏప్రిల్ 22 తరువాత చెల్లవని ప్రకటించింది. గడువు రాకముందే, వాటిని అమ్మజూపుతూ మారువేషంలోని పోలీసుకే దొరికిపోయాడు.