లేళ్లు చేరిన దీవులు

కెనడా దేశపు పశ్చిమతీరమునకు దవ్వుగా, హెకేట్ జలసంధి కావల, 150కి పైగా దీవులతో వెలసిన హైడా గ్వాయ్ ద్వీపసమూహమున నేడు అడుగిడు యాత్రికునకు, ఆకసమంటు వృక్షముల క్రింద నేలయంతయు మెత్తని నాచు పఱచుకొని, పొద యడ్డము లేక చూపు సాగినంత మేర తెఱపిగా కనిపించు ఆ యరణ్యము సృష్ట్యాదినుండి అట్లే యున్నదను భ్రాంతి కలుగును. కాని ఆ తెఱపి లేళ్లు మేసి మేసి మిగిల్చినది.

ఈ దీవులు హైడా జాతివారి జన్మభూమి. మన దేవదారువును తలపించు ఎఱ్ఱ సీడరు వారికి కల్పవృక్షము: దాని మ్రానును తొలిచి సముద్రయానమునకు పడవలు చేసికొనిరి, దూలములతో ఇండ్లు కట్టిరి, కులచిహ్నములు చెక్కిన స్తంభములు నిలిపిరి, బెరడు నారతో బుట్టలు, టోపీలు, త్రాళ్లు అల్లిరి. చెట్ల నీడను దట్టముగా పెరిగిన సలాల్, హకిల్‌బెరీ పొదల పండ్లు వారికి ఆహారము. 1862లో ఆ తీరమున చెలరేగిన మశూచికము ఈ జాతిని తుడిచివేసినంత పనిచేయగా, వేలలోనున్నవారు శతాబ్దాంతమునకు వందలకు దిగిరి. అడవిని తరతరములుగా ఎఱిగినవారు అట్లు కృశించిన కాలముననే క్రొత్త మృగము ఆ నేలపై కాలు మోపినది.

1878 మొదలు 1925 వఱకు పలుమాఱులు, మాంసమునకును వేటకును ఉపకరించునని, నల్లతోక లేళ్లను ప్రధాన భూభాగమునుండి తెచ్చి విడిచిరి. అచట తోడేళ్లు లేవు, కొండసింహములు లేవు. ఎలుగుబంట్లున్నను అవి లేళ్ల సంతతిని అదుపుచేయజాలినవి కావు. లేళ్లు ఈదనేర్చినవి గనుక దీవినుండి దీవికి ప్రాకినవి. శకుంతల కొంగు పట్టిలాగిన లేడిపిల్లను ఎఱిగిన మనకు లేడిపై నేరము మోప మనసొప్పదు; మోపవలసిన పనియు లేదు. ఆకలిగొన్న ప్రాణి అందిన ఆకును మేసినది. విడిచిన మనుజుడు దానిని ఏమి ఆపునని ఆలోచింపడయ్యెను.

అదృష్టవశమున దూరముగానున్న కొన్ని చిన్న దీవులకు లేళ్లు చేరలేదు. పూర్వపు అరణ్యమునకు అవియే సాక్షులు. 1990ల నుండి జాన్ లూయీ మార్టిన్ మొదలైన ఫ్రెంచి, కెనడా శాస్త్రజ్ఞులు, లేళ్లు లేని దీవులను, అవి చేరి 20 ఏండ్లైనను నిండని దీవులను, 50 ఏండ్లు దాటిన దీవులను పోల్చి చూచిరి. లేళ్లెఱుగని చోట నేలను ఆనుకొనియున్న పచ్చదనము నూటికి 80 పాళ్లు మించగా, అవి చిరకాలముగా మేసిన చోట 10 పాళ్లైనను లేదు. అట్టి చోట్ల కొలిచిన ప్రతి మడిలోను మొక్కల జాతులు 20 నుండి 50 శాతము వఱకు తగ్గినవి. అయినను దీవి మొత్తముమీద జాతుల సంఖ్యలో పెద్ద భేదము లేకుండుట గమనింపదగినది. లేడి మెడ సాచినను అందని కొండచఱియలపైన, ఎత్తైన మోడులపైన ఆ మొక్కలు తలదాచుకొన్నవి. ఒకప్పుడు అడవియంతయు తమదైనవి అట్లు అంచులకు ఒదిగినవి. పొదలు పోగా వానిపై బ్రతుకు పురుగులు, వానిని తిని పొదలలో గూడు కట్టుకొను పాటపిట్టలు కూడ తఱిగిపోయినవి.

నన్నెక్కువగా కలతపెట్టునది సీడరు గతి. వందల యేండ్ల వృద్ధవృక్షములు నిలిచియేయున్నవి. పైకి చూచువానికి లోటు తోపదు. కాని వాని క్రింద మొలచిన పిల్లమొక్కలను లేళ్లు చిగురు దశయందే కొఱికివేయుటచే, తరువాతి తరము లేదు. పడవకు, స్తంభమునకు తగిన మ్రాను కావలెనన్న శతాబ్దములు పట్టును. నేడు మొలక దక్కనిచో రాబోవు శిల్పికి ఉలి యుండియు మ్రాను ఉండదు.

1997లో రీఫ్ దీవియందు లేళ్లను వేటాడి తగ్గింపగా పొదలు తిరిగి తలయెత్తినవి. 2017లో హైడా జాతివారును కెనడా ఉద్యానశాఖయు కలిసి, మఱి ఆఱు దీవులనుండి లేళ్లను తొలగింప పూనుకొనిరి. తక్కిన చోట్ల క్రొత్తగా నాటిన సీడరు మొక్కకు, అది లేడి మూతికి అందని యెత్తు పెరుగు వఱకు, చుట్టును తొడుగు కట్టి కాపాడుచున్నారు.