పసిబిడ్డల కాపరులు - పూర్వాపరాల విచారణ

బిడ్డను ఒకరి చేతికి అప్పగించేటప్పుడు ఆ చేయి ఎటువంటిదో విచారించుకొనుట లోకంలో కొత్త కాదు. ఆ విచారణ చేసి తీరవలెనని చట్టం ఆజ్ఞాపించుట మాత్రమే కొత్త. కోరాపుట్, రాయగడ సీమలలో స్థిరపడిన మన తెలుగువారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. దాని మూలం ఈ సీమ చరిత్రలోనే ఉన్నది.

1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వం జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం అన్నియు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణం జిల్లాలోనివే. పార్వతీపురం మనిషి రాయగడలో పనికి కుదిరితే జిల్లా దాటినట్లు కాదు. బిడ్డలనెత్తుకొనే ముసలమ్మ ఎవరి తాలూకో పేటలో పదిమందికీ ఎరుకే. ఆ ఎరుకయే ఆనాటి విచారణ. అది నిర్దుష్టమైనదని కాదు. తెలిసినవారి తప్పును కప్పిపుచ్చుట కూడ ఆ ఎరుకలో ఒక భాగమే.

ఆ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. నడుమ సరిహద్దు వచ్చినది. 1960వ దశకంలో రాయగడ దగ్గర కాగితపు మిల్లు, సునాబేడలో విమాన ఇంజనుల కర్మాగారం వెలసినవి. నలుదిక్కులనుండి కుటుంబాలు వచ్చినవి. పక్కింటివారిది ఏ ఊరో తెలియని కాలం వచ్చినది.

చట్టం ఒక్కొక్క అడుగుగా ముందుకు నడచినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్ల లోపు బిడ్డలకు శిశుగృహం ఉండవలెనన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. బిడ్డలను చూచు స్త్రీకి శిక్షణ ఉండవలెనని ఆ చట్టం కోరినదే గాని, ఆమె పూర్వచరిత్రను అడుగలేదు. 1960లో అనాథాశ్రమాలకు గుర్తింపు పత్రం కావలెనని మరొక చట్టం వచ్చినది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన అంగన్‌వాడీ పథకం స్థానిక స్త్రీనే కార్యకర్తగా ఎంచుకొన్నది. పాత ఎరుక ఆ విధంగా కొంత నిలిచినది.

2015 నాటి బాలల న్యాయచట్టం బాలసంరక్షణ సంస్థలన్నిటికీ రిజిస్ట్రేషను తప్పనిసరి చేసినది; దాని గడువు ఐదేండ్లు. తమపై పూర్వం శిక్షలు, బాలలను హింసించిన సంగతులు ఉన్నవో లేవో నిర్వాహకులు ప్రకటించవలెనని 2016 నియమాలు చెప్పినవి. 2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాలు ఇంకను ముందుకు పోయినవి. పాఠశాల, శిశుగృహం, ఆటల శిక్షణాలయం ఏదైనను సరే, బిడ్డల దరికి వచ్చు ప్రతి ఉద్యోగికి పోలీసు విచారణ జరుగవలెను. ఉపాధ్యాయుడైనా వంటమనిషైనా, స్థిర ఉద్యోగియైనా కాంట్రాక్టు మనిషియైనా భేదం లేదు. చేరిననాడు ఒకసారి జరిపి ఊరుకొనుట చాలదు. కాలానుసారం మరల మరల జరుగవలెను.

విచారణ సరిహద్దు దాటకపోతే ఏమగునో ఇంగ్లండు దేశం చూచినది. 2002లో సోహమ్ అను చిన్న పట్టణంలో పదేండ్ల బాలికలిద్దరిని ఒక పాఠశాల కాపలాదారు చంపినాడు. అంతకు ముందు అతడు నివసించిన హంబర్‌సైడ్ ప్రాంతంలో అతనిపై పలు ఆరోపణలు వచ్చియుండెను. ఆ సంగతి కేంబ్రిడ్జిషైర్‌లో ఉద్యోగమిచ్చినవారికి చేరలేదు. అతనికి రెండు ఇంటిపేర్లు వాడుకలో ఉండగా, విచారణ ఒక్క పేరుమీదనే జరిగినది. 2004లో బిచర్డ్ విచారణ సంఘం ఈ లోపాలను ఎత్తిచూపినది. 2006లో కొత్త చట్టం వచ్చినది.

ఈ రెండు లోపాలకును మన ఇంటనే తావున్నది. మన ఊరి కాగితాలలో ఇంటిపేరు ముందుండును, తరచు ఒక్క అక్షరంగా కుదించబడును. ఒడిశా కాగితాలలో అది చివరకు పోవును. పెండ్లియైన స్త్రీకి పుట్టింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి. జిల్లాలు కూడ నిలకడగా లేవు. ఒక్క పార్వతీపురమే 1950లో శ్రీకాకుళం జిల్లాకు, 1979లో విజయనగరం జిల్లాకు, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు చేరినది. ఇటు రాయగడ 1992లో కోరాపుట్ నుండి విడివడినది. రాయగడ చిరునామా ఒక్కటే వ్రాసి పంపిన దరఖాస్తు, ఆ మనిషి ఇరువది ఏండ్లు బ్రతికిన పాత ఊరిని తాకకనే తిరిగి రావచ్చును.

కాబట్టి బడులు, వసతిగృహాలు, శిశుగృహాలు నడుపు మన సోదరులకు మనవి. పాత చిరునామాలన్నీ, వాడుకలో ఉన్న పేర్లన్నీ దరఖాస్తులో వ్రాయించుడు. పూర్వం ఉన్న ఊరి పోలీసుల విచారణ కూడ కావలెనని స్పష్టంగా కోరుడు. లైంగిక నేరస్థుల జాతీయ జాబితా 2018లో ఏర్పడినది గాని, దానిని చూచు అధికారం పోలీసు మొదలగు శాఖలదే, మనది కాదు. మనం సరియైన వివరాలిచ్చినప్పుడే అది మనకు ఉపకరించును. మునుపటి యజమానిని స్వయంగా అడుగుట కూడ మరువరాదు.

ఇందు రెండు జాగ్రత్తలు కావలెను. పోలీసు కాగితం నమోదైన సంగతినే చెప్పును. నమోదు కానిదానిని చెప్పలేదు. కావున కాగితం చేతికి వచ్చినంతనే కన్ను మూసికొనరాదు. రెండవది, పొట్టకూటికై సరిహద్దు దాటివచ్చిన ఆయాను పరాయిదని అనుమానించుట తగదు. మన తాతలు ఇక్కడికి వచ్చిననాడు వారును పరాయివారే. అందరికీ ఒకే విచారణ జరిపినప్పుడు అది ఎవరికీ అవమానం కాదు.

పూర్వం పేట యావత్తు ఎరిగియుండుటయే బిడ్డకు రక్ష. పేట చెదరిపోయినది గాని ఆ బాధ్యత చెదరలేదు. ఈ నూతన సంవత్సరంలో దానిని మన సంస్థలు శ్రద్ధగా స్వీకరించుగాక.