అసిమి, గోనె, పెరిక : జైనవర్తకుల సంచులను గూర్చి కొంత

ఓరుగల్లు సీమలోని జైనమతచరిత్రమును వ్రాసినవారు బసదులను, తీర్థంకరవిగ్రహములను లెక్కించిరి. పద్మాక్షిగుట్టపై క్రీ.శ. 1117 నాటి శాసనము కాకతి ప్రోలరాజు మంత్రియగు బేతన భార్య మైలమ కడలాలయబసదిని గట్టించినట్లు చెప్పుచున్నది. కొలనుపాక ప్రసిద్ధజైనక్షేత్రము. శిలలు నిలిచినవి గాని వర్తకుల నారసంచులు చివికిపోయినవి. కావున మేమిచట మాటల నాశ్రయించుచున్నాము.

అసిమి యనగా నడుమ నోరుండి యిరుప్రక్కల బరువు వ్రేలు జంటసంచి. భుజముపైనను, ఎద్దువీపుపైనను వేయవచ్చును. కన్నడమున నిది హసుబె, తమిళమున పసుంబై. ఆద్యపకారము హకారమగుట కన్నడధర్మము. తెలుగునకది సహజము గాదు. అందుచే నీమాట కన్నడవర్తకులతో మన దేశమునకు వచ్చినదని మా తలంపు. అయ్యావళి అయిదువందల స్వాముల బిరుదావళులలో నీ సంచి వర్తకచిహ్నముగా కానవచ్చుటయు దీనికి బలమిచ్చుచున్నది. మన శాసనములలోని పెక్కండ్రును అట్టి సమయమువారే.

అయితే అసిమిని జైనుల సొత్తనరాదు. ఆ సమయములలో శైవులును వైష్ణవులును గలరు. జైనశ్రావకునికి ప్రత్యేకమైనవి వ్రతములు: దిగ్వ్రతముచే పయనమునకును, పరిగ్రహపరిమాణముచే సొమ్మునకును మేర యేర్పడును. అహింసావ్రతుడు తోలుసంచికంటె నారసంచినే కోరియుండు ననుట ఊహయే యైనను అసంగతము గాదు.

గోనె మఱింత ప్రాచీనము. పాణిని గోణీశబ్దమును ధాన్యము నింపెడి సంచి యర్థమున సాధించెను. జనుపకట్టెను నీట నానవేసి, నారనొలిచి, వడికి, నేసి, కుట్టెడివారు. ఈ పనియు, ఎడ్లపై ఉప్పు ధాన్యములను మోయించుటయు పెరికవారి వృత్తి. పెరిక యనగా గోనెయే. పెరికెద్దనగా దానిని మోయు నెద్దు. హనుమకొండకు ఈశాన్యమున మానేటి పరిసరములోని టేకుమట్లవంటి పల్లెలకు కోస్తా యుప్పు ఒకప్పుడు ఈ యెద్దుల వీపుపైననే చేరవలసియుండెను. బసదుల కీర్తిని వ్రాసిన మనము ఈ నేతగాండ్రకు ఒక్క పుటయైన నీయకపోవుట న్యాయము గాదు.

1855లో బంగాళమున రిష్రాయందు తొలి జనపనార మిల్లు వెలసెను. 1929 నాటికి కాజీపేట–బల్హార్షా రైలుమార్గము పూర్తియయ్యెను. మిల్లుగోనె చేతిగోనెను, రైలు పెరికెద్దును తొలగించినవి. పెరిక యను పేరు ఓరుగల్లు ప్రాంతమున నేటికిని కులనామముగా వినబడుచున్నది.