జాప్యం ఎవరి పక్షం? సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో కౌలు, కిరాయి వివాదాల చరిత్ర

ముఖ్యపదాలు: రక్షిత కౌలుదారు, కిరాయిదారు, స్వాధీనం, రెంట్ కంట్రోలర్, జాప్యం.

1. ప్రవేశిక

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని తెలుగునాట ఒక నానుడి ఉంది. వ్యాజ్యంలో జాప్యం ఇరుపక్షాలనూ ఒకేవిధంగా నష్టపరుస్తుందన్న భావన అందులో ఇమిడి ఉంది. యజమానికీ కౌలుదారుకూ, యజమానికీ కిరాయిదారుకూ మధ్య నడిచిన వివాదాల చరిత్ర ఈ భావనను పూర్తిగా సమర్థించదు. ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంటే కాలం చాలావరకు వారి పక్షాన నిలిచింది. పూర్వం మెదక్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాగా ఏర్పడిన ప్రాంతంలో సాగుభూమి, పట్టణపు దుకాణం, కార్మికుల గది పక్కపక్కనే ఉన్నాయి. ఈ మూడింటినీ పోల్చిచూస్తే పై విషయం స్పష్టమవుతుంది.

2. సాగుభూమి: ఎదురుచూసిన కౌలుదారు

జాగీర్ల రద్దు (1949) తరువాత, హైదరాబాదు కౌలు, వ్యవసాయ భూముల చట్టం 1950 జూన్ 10న అమలులోకి వచ్చింది. నిర్దేశిత కాలాల్లో వరుసగా ఆరేళ్లకు తగ్గకుండా కౌలు సాగుచేసినవారిని అది 'రక్షిత కౌలుదారులు'గా గుర్తించింది. 1954 సవరణతో చేరిన 38-ఇ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి, నిర్ణీత పరిమితులకు లోబడి, వారే భూయజమానులవుతారు. మెదక్ సహా తెలంగాణలోని పలు జిల్లాలకు ఆ తేదీ 1973 జనవరి 1. హక్కు శాసనంలో చేరిన నాటికీ అమలైన నాటికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి.

ఈ వ్యవధిలో భూమి చేజారిన కౌలుదారుల స్థితి ఏమిటన్నది ప్రధాన వివాదమైంది. 1973 నాటికి స్వయంగా సాగులో లేకపోయినా, కౌలు చట్టప్రకారం రద్దు కాకుంటే యాజమాన్యం సంక్రమిస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం 1987లో తేల్చింది. 1989లో సుప్రీంకోర్టు కూడా, భూమి నుంచి తొలగించబడిన రక్షిత కౌలుదారు హక్కును సమర్థించింది. అప్పటికి మూలచట్టానికి 39 ఏళ్లు నిండాయి.

ఈ కాలంలోనే ప్రాంతపు ముఖచిత్రం మారిపోయింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపితమైంది. అదే దశాబ్దంలో పారిశ్రామికవాడ విస్తరణ మొదలైంది. పొలం ప్లాటుగా మారే చోట ప్రతి వాయిదా భూమి విలువను పెంచుతుంది, చేతులు మారే అవకాశాన్నీ పెంచుతుంది. రెవెన్యూ ట్రిబ్యునల్, కలెక్టరుకు అప్పీలు, హైకోర్టులో రివిజన్ అనే మెట్లు ఎక్కవలసింది భూమి చేతిలో లేని కౌలుదారు లేదా అతని వారసులు. తెలియక కొన్నవారికీ ఈ జాప్యం చేటు చేసింది.

3. పట్టణపు దుకాణం: ఎదురుచూసిన యజమాని

కట్టడాల విషయంలో స్థితి తలకిందులు. 1954 నాటి హైదరాబాదు ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ కట్టడాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె ఎగవేత, సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలుంటేనే రెంట్ కంట్రోలర్ ఖాళీ చేయించగలడు. ఆపై అప్పీలు, హైకోర్టులో రివిజన్ ఉన్నాయి. కేసు ఈ మెట్లు ఎక్కుతున్నంతకాలం దుకాణం కిరాయిదారు చేతిలోనే ఉంటుంది. బకాయి చెల్లిస్తేనే, ఆపై అద్దె జమచేస్తూ ఉంటేనే వాదించుకోవచ్చన్న 11వ సెక్షన్ షరతు ఈ అసమానతకు కొంత విరుగుడు.

చట్టం పరిధి తరచూ మారడం మరో చిక్కు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టినవాటికి మినహాయింపునిచ్చిన 32(బి) నిబంధనను సుప్రీంకోర్టు 1983 అక్టోబరు 26న కొట్టివేసింది. రెండు నెలలకే, డిసెంబరు 29న, ప్రభుత్వం జీవో 636తో కొత్త మినహాయింపులిచ్చింది. 2005 సవరణ మరో హద్దు గీసింది: నెల అద్దె కార్పొరేషన్లలో రూ. 3,500, ఇతర చోట్ల రూ. 2,000 దాటిన కట్టడాలు చట్టం వెలుపలికి వెళ్లాయి. వాటి వివాదాలు సాధారణ సివిల్ కోర్టుకు చేరాయి. న్యాయం ఎవరిదన్న ప్రశ్నకు ముందు, ఏ కోర్టుకు వెళ్లాలన్న ప్రశ్నే వాదమైంది.

4. కార్మికుల గది: దాఖలు కాని కేసు

ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు ఆనవాయితీ అయింది. బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుల గదుల్లో ఆ కాగితమైనా అరుదు. సౌకర్యాలను అకారణంగా నిలిపివేయరాదని 1960 చట్టం చెబుతున్నా, కరెంటు, నీళ్లు యజమాని అదుపులోనే ఉంటాయి. కొద్దిపాటి అడ్వాన్సు కోసం కోర్టుకు వెళ్తే పోయే రోజుకూలీయే ఎక్కువ. ఇక్కడ జాప్యం కేసు పుట్టకముందే పనిచేస్తుంది. రికార్డుల్లో కనిపించనంత మాత్రాన వివాదం లేదని కాదు. స్వాధీనం ఉన్నా, ఎదురుచూసే స్తోమత లేకపోతే అది రక్షణ కాదు.

5. ముగింపు

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం 60 రోజుల్లో పరిష్కారాన్ని ఆశించింది. దానికి అనుగుణంగా శాసనం చేయవలసింది రాష్ట్రాలే. అయితే గడువు ఒక్కటే చాలదని పై చరిత్ర సూచిస్తుంది. కేసు నడిచినంతకాలం ఆస్తి ఎవరి చేతిలో ఉంటుంది, దాని ఆదాయం ఎవరికి చేరుతుంది, ఎదురుచూసేవారికి మధ్యంతర రక్షణ ఏమిటి అన్న ప్రశ్నలకు శాసనం ముందే సమాధానం చెప్పాలి. 11వ సెక్షన్ కిరాయి దుకాణానికి ఇచ్చినంత సమాధానమైనా రక్షిత కౌలుదారుకు సకాలంలో అందలేదు. కార్మికుని గదికి అది ఇంకా అందవలసే ఉంది.