హెచ్‌టీ, ఎల్‌టీ

షెడ్డుకి రాజ్‌దూత్ 350 వస్తే నేను ముందు అడిగేది ఒకటే: హెచ్‌టీనా, ఎల్‌టీనా? 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డీ 350ని ఆ పేరుతో మన దేశంలో దించారు. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాన్ బండి 39 హార్స్‌పవర్ ఇచ్చేది. మనకొచ్చిన మొదటి రకం హెచ్‌టీ, అంటే హై టార్క్, 30.5 ఇచ్చేది. ముందు చక్రానికి డిస్క్ పోయి డ్రమ్ బ్రేకు వచ్చింది. అంత వేగానికి అది చాలదని ఇప్పటికీ నా బాధ.

మైలేజీ అడగని మనిషి మన దగ్గర లేడు. అందుకే 1985లో ఎల్‌టీ, అంటే లో టార్క్, వచ్చింది, 27 హార్స్‌పవర్‌తో. కాగితం మీద తేడా మూడున్నరే. రోడ్డెక్కితే తెలుస్తుంది. హెచ్‌టీ కాసేపు మామూలుగా నడిచి, ఇంజను వేగం అందుకోగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది; హ్యాండిల్ తేలికవుతుంది. ఎల్‌టీ సాఫీగా లాగుతుంది. ఊళ్ళో తిరగడానికి నిజానికి అదే సుఖం.

ఇప్పుడు రెంటినీ పోల్చాలంటే ముందు ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్ళే దారిలోని రీడ్ వాల్వు విప్పాలి. వెలుతురుకు పట్టుకుని చూస్తాను. రేకు అంచున సన్నగా వెలుగు కనిపించిందంటే హెచ్‌టీ కూడా నీరసంగా నడుస్తుంది. ఎల్‌టీకి హెచ్‌టీ సైలెన్సర్లు బిగించినవాళ్ళూ ఉన్నారు. ఏదీ మార్చని ఎల్‌టీ దొరికితే, అలాగే ఉంచమని యజమానిని బతిమాలుతాను.